టేలర్ దొర కాగితాలు, మా ఇంటి సందూకు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శిగారు రెండుసార్లు ఇంటికి వచ్చి అడిగారు. డీఏ బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటే బాగా రాయగలవాళ్లు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. అందుచేత నేను పాత కాగితాల గురించి రాస్తున్నాను. ముప్పైఆరేళ్లు రెవెన్యూ శాఖలో కాగితాల మధ్యనే బతికినవాణ్ణి. ఆ దుమ్ము తప్ప నాకు తెలిసిన విద్య మరొకటి లేదు.

మన జహీరాబాదు ప్రాంతానికి దగ్గరగా ఉద్యోగం చేసిన ఒక ఆంగ్లేయ అధికారి కథతో మొదలుపెడతాను. ఆయన పేరు ఫిలిప్ మెడోస్ టేలర్. పుట్టింది 1808లో, ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో. పోయింది 1876లో, ఫ్రాన్సు దేశపు సముద్రతీరంలోని మాంటన్ అనే ఊళ్లో. మధ్యలో సుమారు ముప్పైఆరేళ్లు నిజాం రాజ్యంలో కొలువు చేశాడు. లెక్క చూసుకుంటే నా సర్వీసూ, ఆయన సర్వీసూ సరిగ్గా ఒకటే. పోలిక అంతటితో సరి.

ఆయన పుస్తకం నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి. నేను జూనియర్ అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో ఒక పై అధికారి బదిలీ అయి వెళ్తూ, "దీన్ని మోసుకుపోలేను, నువ్వు చదువుకో" అని ఒక పాత ఇంగ్లీషు పుస్తకం నా టేబులు మీద పడేసి వెళ్లారు. అట్ట ఊడిపోయింది. లోపల పేరు చూస్తే స్టోరీ ఆఫ్ మై లైఫ్ అని ఉంది. నా ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు. 'విత్ రిఫరెన్స్ టు ది సబ్జెక్ట్ సైటెడ్' దాటి పోయేది కాదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవడానికి ఏడాది పట్టింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. సుదాసియోపేట్ అని ఒక ఊరి పేరు. రెండుమూడుసార్లు పైకి చదువుకుంటే గానీ అది మన సదాశివపేట అని తట్టలేదు! హైదరాబాదు నుంచి మన జహీరాబాదు వచ్చే బస్సు ఆగే సదాశివపేటే.

టేలర్ పెద్ద కుటుంబంలో పుట్టినవాడేమీ కాడు. తండ్రికి వ్యాపారంలో నష్టం వచ్చింది. కుర్రవాణ్ణి చిన్నప్పుడే లివర్‌పూల్‌లో ఒక వర్తకుల ఆఫీసులో గుమాస్తాగా పెట్టారు. పదిహేనేళ్లకు, 1824లో, బొంబాయిలో ఒక వర్తకుడి దగ్గర పనికని ఓడెక్కించారు. కొన్నాళ్లకు వాటా కూడా ఇస్తామని మాట. తీరా దిగి చూస్తే ఆ వర్తకుడే అప్పుల్లో మునిగి ఉన్నాడు. బొంబాయి ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న బంధువొకరు జాలిపడి నిజాం సైన్యంలో ఒక చిన్న కొలువు ఇప్పించారు. అలా ఔరంగాబాదు చేరాడు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, ఆయన కంపెనీవారి అసలు సర్వీసులోకి, అంటే పరీక్షలూ ఒడంబడికలూ ఉన్న ఆ పెద్ద కులంలోకి, ఎన్నడూ రాలేదు. చివరిదాకా బయటివాడే. ఎంత పెద్ద జిల్లా ఏలినా ఆ లోటు ఆయనను వదలలేదు. ప్రమోషను జాబితాలో మన కింది పేరు మన పైకి ఎక్కితే ఎట్లా ఉంటుందో సభ్యులకు నేను వివరించనక్కర్లేదు.

ఆ రోజుల్లో రెసిడెంటుగా ఉన్న మెట్‌కాఫ్ నిజాం జిల్లాల మీద పర్యవేక్షణకని ఇంగ్లీషు అధికారులను పెట్టించాడు. ఆ ఏర్పాటు కింద టేలర్ ఇరవై ఏళ్లు నిండీ నిండకముందే నైరుతి జిల్లాలకు అసిస్టెంటు పోలీసు సూపరింటెండెంటు అయ్యాడు. సదాశివపేట వచ్చింది అప్పుడే. తుల్జాపూర్ వైపు కూడా ఆయన పరిధిలోనే ఉండేది. హిందుస్తానీ, మరాఠీ, పారసీ నేర్చుకున్నాడు. గుర్రం మీద తిరుగుతూ చెట్టు కింద కచేరీ పెట్టేవాడు.

ఆ కాలం ముచ్చట ఒకటి ఆయన రాసుకున్నది చెబుతాను. యాత్రకు పోతున్న జనం దారిలో వచ్చి మొరపెట్టుకున్నారు. కోమట్లు పిండిలో ఇసుక కలిపి అమ్ముతున్నారని, తూకంలో మోసం చేస్తున్నారని. ఆయన ఆ దుకాణదారులను పిలిపించి, వాళ్లు అమ్మిన పిండినే వాళ్ల ముందు పెట్టించి, "తినండి" అన్నాడట. తినలేక వాళ్లు కాళ్లమీద పడ్డారు. యాత్రికులు జేజేలు కొట్టుకుంటూ పోయారు. జనం ఆయనకు మహదేవ్ బాబా అని పేరు పెట్టారు. చట్టంలో ఏ సెక్షను కింద పిండి తినిపించాడో నాకు తెలియదు. మన రోజుల్లో అయితే మరుసటి వారమే సంజాయిషీ అడిగేవారు. ఈ ఉదంతం ఏ సర్కారీ మిసిలులోనైనా ఎక్కి ఉంటే, 'తూనికలు కొలతల విషయమై తగు చర్య తీసుకోనైనది' అని ఒక వాక్యం ఉండేది. పిండీ, ఇసుకా, జేజేలూ ఉండేవి కావు. నేను ఇన్నేళ్లు రాసినవన్నీ ఆ ఒక్క వాక్యాలే.

1829లో సికందర్ జా మరణించి నాసిరుద్దౌలా గద్దెనెక్కాడు. జిల్లాల్లోంచి ఇంగ్లీషు అధికారులను తీసెయ్యమని కొత్త నిజాం కోరాడు, కంపెనీవారు ఒప్పుకున్నారు. టేలర్ మళ్లీ పల్టనుకు పోయాడు. పోయేముందు ఆ దారుల్లో బాటసారులు మాయమవుతున్న సంగతి ఆయన చెవిన పడింది. ఆరా తీయడం మొదలుపెట్టాడు. ఇంతలో బదిలీ. తనను అక్కడే ఉంచి ఉంటే ఠగ్గుల గుట్టు తానే ముందు బయటపెట్టేవాణ్ణని ముసలితనంలో కూడా బాధపడ్డాడు. ఆ కీర్తి స్లీమన్‌కు దక్కింది. తర్వాత హింగోలిలో ఉండగా పట్టుబడిన ఠగ్గుల వాంగ్మూలాలు రాసుకునే పని మాత్రం టేలర్‌కు దొరికింది. చేతి రుమాలుతో మనిషిని ఎట్లా చంపేవాళ్లో, గోతులు ఎక్కడ ఎట్లా తవ్వేవాళ్లో వాళ్లు చెబుతుంటే విని రాసుకున్నాడు. ఆ వాంగ్మూలాల మీదనే కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్ అనే నవల అల్లి, సెలవు మీద ఇంగ్లండు వెళ్లినప్పుడు 1839లో అచ్చు వేయించాడు. విక్టోరియా రాణి ఆ పుస్తకం పూర్తిగా అచ్చయ్యేదాకా కూడా ఆగలేక ముందే కాగితాలు తెప్పించుకుని చదివిందని చెబుతారు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. సర్కారు పనిమీద రాసుకున్న వాంగ్మూలాలు నవలకు పనికివచ్చాయి. అంతేకాదు, 1840లో తిరిగి వచ్చాక లండనులోని టైమ్స్ పత్రికకు పదమూడేళ్లపాటు ఈ దేశపు వార్తలు రాసి పంపాడు. ఉద్యోగంలో ఉంటూనే! నేను ఒకసారి ఒక వారపత్రికకు కథ రాసి పంపితే పై అధికారి అనుమతి ఏదని ఆరు నెలలు మెమోల మీద మెమోలు నడిచాయి. కథ అచ్చు కాలేదు, మెమో మాత్రం సర్వీసు రిజిస్టరు దాకా పోయింది.

టైమ్స్ పత్రికలో ఆయనకు దారి చూపినవాడు హెన్రీ రీవ్ అనే బంధువు. వరసకు సోదరుడు. లండనులో ప్రివీ కౌన్సిలు ఆఫీసులో ఉద్యోగి, టైమ్స్‌కు సంపాదకీయాలు రాసేవాడు. టేలర్ ఈయనకు ఇక్కడినుంచి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశాడు. నేను పాత కాగితాలు అంటున్నది ముఖ్యంగా వీటి గురించే. రెసిడెంటు ఫ్రేజరుకు పంపే నివేదికలో రాయలేనిదంతా రీవ్‌కు రాసేవాడు. హైదరాబాదు దర్బారులో ఎవరు ఎవరికి అప్పు పడ్డారు, తనకు జీతం ఎందుకు పెరగడం లేదు, చేతికింద ఒక్క దొర కూడా లేకుండా రాజ్యం అంతా ఒక్కడే ఎట్లా చూస్తున్నాడు, ఎండకు జ్వరాలు ఎట్లా వస్తున్నాయి, అన్నీ. రీవ్ ఆ ఉత్తరాలను పారేయలేదు. టేలర్ పోయిన డెబ్బై ఏళ్ల తర్వాత, 1947లో, పాట్రిక్ కాడెల్ అనే రిటైరైన బొంబాయి ఐసీఎస్ అధికారి వాటిని పుస్తకంగా తెచ్చాడు. సంవత్సరం చూడండి, 1947! తెల్లవాళ్లు మూటాముల్లే సర్దుకుంటున్న ఏడు.

ఆ ఉత్తరాల్లో చాలా వరకు షోరాపూర్ నుంచి రాసినవే. నేటి కర్ణాటకలో యాద్గీర్ జిల్లాలోని సురపుర అదే. కృష్ణా, భీమా నదుల మధ్య బేడర్ నాయకుల సంస్థానం, నిజాముకు కప్పం కట్టేది. అప్పులు పెరిగి, రాజా చనిపోయి, కొడుకు వెంకటప్ప నాయకుడు ఏడెనిమిదేళ్ల పసివాడై ఉండగా 1841లో టేలర్‌ను అక్కడికి పంపారు. తల్లి రాణి ఈశ్వరమ్మ ఒకవైపు, బంధువర్గం మరోవైపు. ఆయన పన్నెండేళ్లు అక్కడే ఉండిపోయాడు. బాకీలు తీర్చాడు, రోడ్లు వేశాడు, బోనాళ చెరువు కట్ట బాగు చేయించాడు, శిస్తు లెక్కలు గాడిలో పెట్టాడు. తీరిక దొరికితే రాతి సమాధులు తవ్వించి కొలతలు తీసి బొమ్మలు గీసేవాడు. రాక్షస గుళ్లని మనవాళ్లు అంటారే, అవి. దక్కన్‌లోని ఆ సమాధుల గురించి పద్ధతిగా రాసిన తొలివారిలో ఆయన ఒకడు. ఊరి బయట కొండమీద కట్టుకున్న బంగళాను ఇప్పటికీ టేలర్ మంజిల్ అంటారు.

ఆయన భార్య మేరీ, హైదరాబాదులో వడ్డీవ్యాపారానికి పేరుమోసిన విలియం పామర్ కూతురు. పామర్ కంపెనీ నిజాముకు అప్పులిచ్చి దివాలా తీసిన కథ వేరే పెద్ద మహాభారతం, ఇప్పుడు వద్దు. మేరీ 1844లో చనిపోయింది. ఆత్మకథలో ఆమె గురించి ఉన్నది చాలా తక్కువ. ఠగ్గుల గురించి అన్ని పేజీలు రాసినవాడు కట్టుకున్నదాని గురించి ఇంత తక్కువ రాశాడేమిటని నా భార్య అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

చిన్న రాజా ఆయనను "అప్పా" అని పిలిచేవాడు. 1853లో రాజాకు యుక్తవయసు వచ్చింది, రాజ్యం అప్పగించి టేలర్ నల్దుర్గం జిల్లాకు వెళ్లాడు. బీరారు ఒప్పందం జరిగిన ఏడు అది. ఆ పిల్లవాడి జాతకం చూసిన బ్రాహ్మణుడొకడు ఇరవైనాలుగో ఏడు దాటడని చెప్పాడట. ఆ మాట టేలర్ మనసులో దాచుకున్నాడు. జాతకాలను నేను నమ్మను, ఆయనా పూర్తిగా నమ్మినట్టు లేదు. రాసిపెట్టాడు, అంతే.

1857 గొడవలు వచ్చాయి. టేలర్ అప్పుడు బీరారులో బుల్ధానా జిల్లాలో ఉన్నాడు. చేతిలో పల్టను లేకుండానే జిల్లాను ప్రశాంతంగా ఉంచాడు. షోరాపూర్‌లో మాత్రం కుర్ర రాజా ఎవరెవరి మాటలో విన్నాడు. 1858 ఫిబ్రవరిలో కంపెనీ సైన్యం మీద తిరగబడ్డాడు, ఓడాడు, హైదరాబాదుకు పారిపోయి వచ్చి పట్టుబడ్డాడు. సికింద్రాబాదులో బందీగా ఉన్న ఆ పిల్లవాణ్ణి చూడడానికి టేలర్ వెళ్లాడు. చూడగానే వాడు గట్టిగా పట్టుకుని ఏడ్చాడు. నిన్ను పురికొల్పింది ఎవరో చెబితే శిక్ష తగ్గుతుందని అందరూ నచ్చజెప్పమన్నారు. రాజా ససేమిరా అన్నాడు. ప్రాణం కోసం నమ్మినవాళ్లను పట్టివ్వనన్నాడు. దొంగలాగా ఉరి తీయొద్దు, ఫిరంగి ముందు నిలబెట్టండి అని మాత్రం అడిగాడట. ఉరిశిక్ష ద్వీపాంతరవాసంగా మారింది. తర్వాత గవర్నరు జనరలు దాన్ని ఇంకా తగ్గించి చెంగల్పట్టు కోటలో నాలుగేళ్ల ఖైదు చేశాడు. బాగా నడుచుకుంటే రాజ్యం తిరిగి వచ్చే ఆశ కూడా ఉండేది. చెంగల్పట్టుకు తీసుకుపోతుండగా దారిలో బసలో, వెంట ఉన్న అధికారి పిస్తోలు తీసుకుని తనను తానే కాల్చుకున్నాడు. ఇరవైనాలుగో ఏడు. షోరాపూర్ వ్యవహారాలు చూడమని మళ్లీ అక్కడికే పంపబడ్డ టేలర్‌కు ఈ కబురు అక్కడ అందింది.

షోరాపూర్ 1860లో నిజాముకు ఇవ్వబడింది. అదే ఏడు టేలర్ ఆరోగ్యం చెడి ఇంటికి పోయాడు. 'రాజా మరణించినందున సంస్థానం స్వాధీనపరచుకోనైనది.' సర్కారు రికార్డు ఇంతకంటే ఎక్కువ చెప్పదు, చెప్పనక్కర్లేదు కూడా. ఆ కుర్రవాడు అప్పా అని పట్టుకుని ఏడ్చిన సంగతి మనకు ఎందుకు తెలిసిందంటే ఆయన దాన్ని ఇంటివాళ్ల కోసం రాసుకున్నాడు కాబట్టి. రిటైరయ్యాక డబ్లిన్ దగ్గర కాపురం ఉంటూ, నవలలు రాస్తూ, చరిత్ర పాఠ్యపుస్తకం రాస్తూ, కూతుళ్లు అడిగితే తన జీవితం రాశాడు. చూపు మందగించింది. 1875లో సాలార్‌జంగ్ ఆహ్వానం మీద మళ్లొకసారి హైదరాబాదు వచ్చాడు. తిరుగు ప్రయాణంలో మాంటన్‌లో పోయాడు. కూతురు ఆలిస్ ఆ రాతప్రతిని సవరించి, రీవ్ చేత ముందుమాట రాయించి, 1877లో అచ్చు వేయించింది. రెసిడెంటు ఫ్రేజరు కాగితాలు కూడా ఇట్లాగే బయటికి వచ్చాయి. కొడుకు హేస్టింగ్స్ ఫ్రేజరు 1885లో తండ్రి ఉత్తరాలతో పుస్తకం వేశాడు. తెల్లవాళ్ల ఇళ్లల్లో ఇదొక అలవాటు. తండ్రి పోతే కొడుకో కూతురో కాగితాల పెట్టె ముందేసుకుని కూర్చుంటారు. అందులో డాబు కూడా ఉంటుంది, దాచేసినవి కూడా ఉంటాయి. టేలర్ తన గురించి తానే చెప్పుకున్న గొప్పలన్నీ నేను నమ్మను. అయినా కాగితం ఉంది కాబట్టే నమ్మనని అనగలుగుతున్నాను.

మరి ఆయన కచేరీలో కూర్చుని పారసీలో, మరాఠీలో అసలు రాతపని చేసిన మున్షీలు, కార్కూన్లు? దారి చూపించిన పటేళ్లు, లెక్కలు చెప్పిన పట్వారీలు? వాళ్లు లేకుండా సదాశివపేట నుంచి తుల్జాపూర్ దాకా ఒక ఇరవై ఏళ్ల కుర్రాడు ఏం చేయగలిగేవాడు? పుస్తకంలో వాళ్లు అక్కడక్కడ తలూపి వెళ్లిపోతారు. ఇంటికి ఏం రాసుకున్నారో, రాత్రి లాంతరు ముందు ఏం అనుకున్నారో, అవి ఏ సందూకులో చెదలు తిన్నాయో.

చెదలను మాత్రమే అనడం న్యాయం కాదు. నేనే ఒకసారి ఆ పని చేశాను. 1985లో పాత తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రాయికోడ్ కూడా అప్పుడే మండలం అయ్యింది. ఏ ఆఫీసో చెప్పను, అప్పుడు నేను ఉన్నచోట రికార్డు గదిలో ఉర్దూలో, మోడీ లిపిలో రాసిన బస్తాలు గోడ ఎత్తున ఉండేవి. వానకు తడిసి ముద్దైనవి కొన్ని. మనకు తెలిసిందే కదా, ఆర్.డిస్. అంటే శాశ్వతం, డి.డిస్. అంటే పదేళ్లు, కె.డిస్., ఎల్.డిస్. ఇంకా తక్కువ. ఆ బస్తాలకు ఏ డిస్సూ లేదు. చదవగలవాళ్లు ఆఫీసులో ఒక్కరూ లేరు. 'చదువ వీలుకాని, ఉపయోగము లేని కాగితములు' అని జాబితా రాసింది నేను. గుండ్రటి చేతిరాత, మూడు ప్రతులు. వెనక ఆవరణలో తగలబెట్టారు. నాకు కొద్దిగా ఉర్దూ వచ్చు, నాయన నేర్పాడు. వచ్చునని నోరు తెరిచి చెప్పలేదు. చెబితే ఆ పని అంతా నా నెత్తిన పడుతుందని భయం. అదే కారణం, వేరే ఏమీ లేదు. హైదరాబాదు తార్నాకలో రాజ్య అభిలేఖాగారం ఉంది. షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి దక్కన్ కాగితాలు అక్కడ వేలకొద్దీ భద్రంగా ఉన్నాయి. వాటిని మొదటిసారి అద్దాల వెనక చూసినప్పుడు నాకు ఆ మంట వాసన వచ్చింది.

మా నాయన పట్వారీ. 1956 దాకా మన జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలో ఉండేదని పెద్దలకు గుర్తుంటుంది. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు బీదరు మైసూరుకు పోయి, మనం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం. నాయన చేతిలో ఉర్దూ, మరాఠీ, కన్నడం, తెలుగు నాలుగూ నడిచేవి. పట్వారీ, పటేలు పదవులు తీసేసినప్పుడు ఆయన లెక్కలన్నీ అప్పగించి రసీదు తీసుకున్నాడు. ఎర్రగుడ్డలో కట్టిన ఒక్క మూట మాత్రం ఇంట్లో ఉండిపోయింది. అవి సర్కారీ కాగితాలు కావు, ఆయన సొంత నోటుబుక్కులు. అమ్మ వాటిని తన చీరెల సందూకులో అడుగున పెట్టింది. అమ్మ పోయాక ఆ సందూకు మా అటక ఎక్కింది.

టేలర్ పుస్తకం రెండోసారి చదివింది రిటైరయ్యాక. ఆ కూతురు ఆలిస్ పేరు దగ్గర ఆగి, లేచి వెళ్లి అటక మీది సందూకు దింపించాను. నాలుగు నోటుబుక్కులు. రెండింటిని పురుగు తినేసింది. మిగతావాటిలో బియ్యం ధర, ఎవరి పెళ్లికి ఎంత కట్నం చదివించిందీ, పోలీసు చర్య రోజుల్లో ఊళ్లో ఎవరు ఎటు పోయిందీ, మంజీర పొంగిన తేదీలు. షికస్తా రాత, ఒక్కో పేజీకి రెండు రోజులు పట్టేది. మా మనవడు ఫోనులో ఫోటో తీసి పెద్దదిగా చేసి చూపిస్తే నేను తెలుగులో రాసుకుంటూ పోయాను.

1955లో ఒక రోజు దగ్గర చేయి ఆగిపోయింది. ఖాస్రా పహాణీ రాస్తున్న కాలం అది. ఈనాటికీ భూమి తగాదాలు వస్తే కోర్టులు అడిగేది ఆ పహాణీనే. ఊరి పెద్దాసామి పిలిపించి చెప్పాడని, ఒక నంబరులో దున్నుకుంటున్న కౌలు రైతు పేరు కబ్జా గడిలో రాయకుండా ఆసామి పేరే రాశానని, ఆ రైతు అదే వేళకు చేలో గుంటక తోలుతూ కనబడ్డాడని నాయన రాసుకున్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదని కూడా. అంతకుమించి ఏమీ లేదు. మరుసటి రోజు మళ్లీ జొన్నల ధర.

మా నాయన మంచివాడని ఊరంతా చెప్పేది. నేనూ అదే చెబుతూ వచ్చాను. పహాణీ నకలు తీయించి చూశాను. ఆ గడిలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. రికార్డు ప్రకారం ఆ రైతు అక్కడ ఎన్నడూ లేడు. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు కావలసినవాడు కూలీ అయ్యాడు.

ఆ నోటుబుక్కును కాల్చేయమని ఇంట్లో ఒకరన్నారు, పేరు చెప్పను. చచ్చినవాళ్ల మీద మచ్చ ఎందుకని. న్యాయమైన మాటే. వారం రోజులు ఆ మూట మంచం కింద పెట్టుకుని పడుకున్నాను. నేను ఒకసారి తగలబెట్టినవాణ్ణి కదా, రెండోసారి చేతులు రాలేదు.

ఆ రైతు మనవడు జహీరాబాదులో ఆటో నడుపుతాడు. పోయిన ఏడు దసరా తర్వాత వెతుక్కుంటూ వెళ్లాను. బస్టాండు పక్కన టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. ఏం పని సారూ అన్నాడు. నేను రాసుకున్న తెలుగు ప్రతి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ భూమి ఇప్పటికే మూడు చేతులు మారింది. ఈ కాగితం పట్టుకుని ఏ కోర్టుకు పోయినా లాభం లేదని నాకు తెలిసింది నేను చెప్పాను. క్షమించమని కూడా అడిగాను, మాట సరిగ్గా రాలేదు.

"మా తాత చెప్పేటోడు సారూ, ఆ చెల్క మాదే అని. మా నాయిన నమ్మలే. ముసలోడు తాగి మాట్లాడుతుండని కొట్టిండు గూడ ఒకసారి" అన్నాడు. కొంచెంసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, "ఆ ఉర్దూల రాసిన కాయితం, నీ తెలుగు కాయితం, రెండూ జిరాక్సు ఇయ్యిరి" అన్నాడు.

పక్కనే ఉన్న దుకాణంలో తీయించి ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి, ఆటోలో ఆర్సీ, ఇన్సూరెన్సు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. రాయికోడ్ బస్సుకు టైమవుతోందని తనే నన్ను బస్సు దాకా దింపాడు. పైసలు తీసుకోలేదు.